చావు కబుర్ల కింద గిటారు

బ్రష్ ఫోర్క్‌లో మనిషి పోయాడని డాక్టరు చెబితే సగమే నమ్ముతారు. మిగతా సగం నమ్మాలంటే పొద్దున్న ఏడూ ముప్పావుకి రేడియోలో నెడీన్ హాబ్‌గుడ్ చెప్పాలి. ఆమె నోట పేరు పడ్డాకే ఆ ఇంటి ముందు కార్లు ఆగుతాయి, ఇరుగుపొరుగు పొయ్యిల మీదికి చిక్కుడుగింజలు ఎక్కుతాయి, ఏళ్ళ తరబడి మాటలు లేని బావమరుదులు కూడా టై కోసం వెతుక్కుంటారు. పదేళ్ళ కిందట ఒకసారి కాగితంలో అచ్చుతప్పు పడి, లాయిడ్ నేపియర్ బదులు ఫ్లాయిడ్ నేపియర్ అని చదివేసింది. తొమ్మిదింటికి ఫ్లాయిడే స్టేషనుకి ఫోను చేశాడు.

"నెడీనక్కా, నేను పోలేదు. అయితే మా ఇంటికి అప్పుడే మూడు గిన్నెల కూరా, ఒక పంది తొడా వచ్చాయి. సవరణ రేపు చదువుదువుగానిలే, తొందరేం లేదు" అన్నాడు.

నెడీన్‌కి యాభై ఎనిమిదేళ్ళు. కెంటకీ తూర్పు కొండల్లోని ఆ ఊళ్ళో రేడియో స్టేషను ఇనప సామాన్ల కొట్టు మేడమీద ఉంటుంది. కొట్టూ స్టేషనూ రెండూ క్లోవిస్ స్టాంపర్‌వే. ఉదయం కార్యక్రమం మాత్రం ఇరవయ్యారేళ్ళుగా నెడీన్‌ది. ముందు వాతావరణం, తర్వాత బళ్ళో ఆ మధ్యాహ్నం పిల్లలకి ఏం వండుతున్నారో, ఆపైన పోయినవాళ్ళు, ఆఖర్న తప్పిపోయిన కుక్కలూ అమ్మకానికున్న ట్రాక్టర్లూ. ఆమెది గొప్ప గొంతేమీ కాదు. పక్కింటావిడ దడి మీంచి మాట్లాడినట్టు ఉంటుంది. అందుకే వింటారు.

ఆమె భర్త హర్షెల్ ముప్పై ఏళ్ళు బొగ్గు గనిలో పనిచేశాడు. వయసులో ఉండగా చుట్టుపక్కల ఏ పెళ్ళి జరిగినా గిటారు అతనిదే. ఒకనాడు గనిలో బండ జారి ఎడమచేతి ఉంగరపు వేలు సగం తీసుకుపోయింది. ఆ రోజునుంచి గిటారు గోడకెక్కింది, మాటలు తగ్గాయి. నెడీన్ రోజంతా ఊరికోసం మాట్లాడి వచ్చేది కాబట్టి, ఇంట్లో మాట్లాడని మొగుడు ఉండటం ఆమెకి లోటు అనిపించలేదు.

ఆ శరత్తులో కార్ట్ మాబ్రీ కొత్త ఆల్బం వచ్చింది.

కార్ట్ ఆ ఊరివాడే. పంతొమ్మిదేళ్ళకి పాటలవాళ్ళంతా చేరే నాష్‌విల్ నగరానికి వెళ్ళి, పెద్ద టోపీ పెట్టి, పదిహేనేళ్ళుగా దేశమంతా పాడుతున్నాడు. పాత ట్రక్కు మీద ఒక పాట, వదిలేసి వెళ్ళిన పిల్ల మీద రెండు, అమ్మ మీద ఒకటి, ఈ లెక్కన ప్రతి ఆల్బమూ నిండేది, అమ్ముడయ్యేది. ఊరి పొలిమేరలో 'కార్ట్ మాబ్రీ పుట్టిన నేల' అని బోర్డు కూడా ఉంది. వేట మొదలయ్యే రోజుల్లో తుపాకీ గురి సరిచూసుకోవడానికి అందరూ దాన్నే వాడతారు. అదీ అభిమానమే.

కొత్త ఆల్బం వెలువడిన మంగళవారంనాడు పొద్దున్నే నాష్‌విల్ నుంచి ప్రెస్టన్ అనే ప్రచారం కుర్రాడు ఫోను చేశాడు. "ఇది కార్ట్ గారి మనసులోని ఆల్బం అండీ. గంటకొకసారైనా వెయ్యాలి మీరు" అన్నాడు. నెడీన్ మొదటిది వేసింది. గిటారు మొదలైంది. గిటారు నడిచింది. గిటారు ముగిసింది. రెండోది వేసింది. అదీ అంతే. ఈలోగా ఫోను మోగింది.

"నెడీన్, మీ మిషను పాడైనట్టుందే! గిటారు వస్తోంది గానీ మనిషి రావట్లేదు."

"మనిషి పాడటం లేదు పెద్దమ్మా. ఇందులో గిటారే."

"ఎంతసేపు?"

"పదిహేనింటిలో పదమూడు అంతే."

అవతలివైపు రేడియో కట్టేసిన చప్పుడైంది. తర్వాత మెల్లగా, "పాపం, ఏమైంది కుర్రాడికి?" అని వినిపించింది.

మధ్యాహ్నానికి ఊళ్ళోవాళ్ళ మాటల్లో కార్ట్ గొంతులో కాయ లేచింది. సాయంత్రానికి ఆపరేషను అయింది. బుధవారం ప్రార్థన కూటంలో పాస్టరు అతని గొంతుకోసం పావుగంట ప్రార్థించాడు. గురువారం కార్ట్ తల్లి ఓలీటా ఇంటికి వేయించిన కోడీ, మొక్కజొన్న రొట్టెలూ, చిలగడదుంపల గిన్నెలూ వరస కట్టాయి. ఆవిడ శుక్రవారం పొద్దున్నే కర్ర పొడుచుకుంటూ స్టేషను మెట్లెక్కింది.

"నెడీన్, నువ్వు చెబితేగానీ ఈ ఊరికి ఎక్కదు. మా వాడి గొంతు గుండ్రాయిలా ఉందని చదువు. మొన్న ఫోనులో గంటసేపు నా బుర్ర తిన్నాడు."

"మరెందుకు పాడలేదు ఓలీటా పిన్నీ?"

"నాకేం తెలుసే! పాడాలనిపించలేదట. కుండెడు పాలిచ్చే ఆవు, ఇవాళ మీకు నా నడక చూపిస్తా అన్నట్టుంది వాడి వరస."

నెడీన్ తప్పిపోయిన వేటకుక్కకీ, వాడిన ట్రాక్టరుకీ మధ్య ఆ ముక్క చదివింది. కార్ట్ మాబ్రీ గొంతు బాగానే ఉందనీ, తన ఇష్టంతోనే పాడలేదనీ చెప్పింది. దాంతో వ్యవహారం మరింత చెడింది. గొంతు పోవడం దైవనిర్ణయం, దానికి జాలిపడొచ్చు. గొంతు ఉండీ పాడకపోవడం పొగరు. కోడి కూరలు ఆగిపోయాయి. ఇచ్చిన గిన్నెలు ఎప్పుడు తిరిగొస్తాయని ఇద్దరు ముగ్గురు వాకబు కూడా చేశారు.

అంతలో పెద్ద పట్నాల పత్రికలు వచ్చాయి. క్లోవిస్ కళ్ళజోడు ముక్కు చివరికి దింపి, మేకుల డబ్బాల మధ్య నిలబడి వచ్చినవాళ్ళందరికీ చదివి వినిపించాడు.

"'ఈ ఆల్బంలో మౌనమే గాయకుడు' అని రాశాడు చూడండి న్యూయార్కువాడు!"

"అంటే ఏంటి క్లోవిస్?" అని అడిగింది నెడీన్.

"అంటే... పాడలేదని."

"అది మేమూ చెప్పాం కదా. మమ్మల్ని ఎవరూ పత్రికలో వెయ్యలేదే!"

ఏమైనా న్యూయార్కు మెచ్చినదాన్ని పుట్టినూరు మెచ్చకపోతే నామోషీ. వారం తిరక్కుండా ఊరంతా ఆ డిస్కు కొంది. మంచి పింగాణీ పళ్ళేలు పెట్టే అద్దాల బీరువాలో, మీది మైనపు కాగితం చింపకుండా పెట్టుకుంది. పాస్టరు సైతం మెట్ల దగ్గర నెడీన్‌ని ఆపి, "నాకు అన్నిటికన్నా మూడోది నచ్చిందమ్మా" అన్నాడు.

"మూడోది ఏది పాస్టరుగారూ?"

"అదే... గిటారు ఉంటుంది చూడు, అది."

ఊరు మొత్తమ్మీద ఆ డిస్కు నిజంగా విన్నవాడు హర్షెల్ ఒక్కడే. ఆదివారం మధ్యాహ్నం పెరట్లో నిలిపి ఉన్న ట్రక్కులోకి ఎక్కి, తలుపులు బిగించుకుని కూర్చున్నాడు. తిండి చల్లారుతోందని నెడీన్ వెళ్ళి అద్దం మీద కొడితే, చెయ్యెత్తి ఆగమన్నాడు. ఆ బాణీ పూర్తయ్యేదాకా ఆమె చెప్పులు లేకుండా చలిలో నిలబడింది. అతను దిగాక, "ఎలా ఉందేం?" అని అడిగింది.

"ఎక్కడ ఆగాలో తెలిసింది కుర్రాడికి" అని, లోపలికి పోయి అన్నీ చల్లారినవే తిన్నాడు.

నవంబరులో ఒక పొద్దున్న స్టేషనులో చిన్న ప్రమాదం జరిగింది. చావు కబుర్ల వెనక వేసే చర్చి ఆర్గను టేపు ఒకటుండేది. ఇరవై రెండేళ్ళు అరిగి అరిగి అది చివరికి ఆర్గనులా కాక జలుబు చేసిన గేదెలా పలికేది. ఆ పొద్దున్న ఏడూ నలభై నాలుగుకి మిషను దాన్ని నమిలేసింది. ఎదురుగా ఎల్జా కోంబ్స్ పేరున్న కాగితం, మనసులో అతని పెళ్ళాం రేడియో దగ్గర కూర్చుని ఉంటుందన్న ఎరుక. నెడీన్ చేతికందిన డిస్కు పెట్టి ఆరో నంబరు నొక్కింది. అది కార్ట్ మాబ్రీ డిస్కు. ఆ ఆరో బాణీ పేరు 'శనివారం చేపల వేట'.

ఆమె చదివింది. ఎల్జా ఎవరి కొడుకో, ఏ గనిలో ఎన్నేళ్ళు చేశాడో, ఎవరెవర్ని వదిలి వెళ్ళాడో. కింద గిటారు నీళ్ళలా నడిచింది. అయిపోయిన నిమిషానికి ఫోను మోగింది. ఎల్జా పెళ్ళామే.

"ఆ వెనకాల వచ్చిందేంటి నెడీన్?"

"ఏమనుకోకమ్మా, ఆర్గను టేపు తెగిపోయి..."

"అది కాదే. మా ఆయన పేరు అంత బాగుంటుందని నాకు నలభై ఏళ్ళుగా తెలీదు."

ఆ పూట ఇంకా పదకొండు ఫోన్లు వచ్చాయి. ఇంటికి వెళ్ళేసరికి మాత్రం హర్షెల్ మొహం పక్కకి తిప్పుకుని ఉన్నాడు. రెండు రోజులపాటు, ఉన్న ఆ నాలుగు మాటలూ లేవు. మూడో రోజు ఆమెకి ఒళ్ళు మండి, "ఏం చేశానో చెప్పి ఏడవొచ్చుగా!" అంది.

"ఆ కుర్రాడి గిటారు ఆఖరు మీటు మీద మాట్లాడేశావు."

"అంతేనా?"

"అంతేనా అంటావేంటి! నువ్వు పేరు చదువుతుంటే వాడొచ్చి మధ్యలో దగ్గితే ఊరుకుంటావా?"

నెడీన్ ఆ సాయంత్రం తనూ ట్రక్కెక్కి అతని పక్కన కూర్చుంది. అతను వేలితో చూపించాడు. ఆ బాణీలో మూడుచోట్ల గిటారు ఊపిరి పీల్చుకున్నట్టు ఆగుతుంది. మొదటి ఆగుదల్లో పేరు, రెండోదాని ముందు బంధువులు, మూడోచోట ఖననం ఎప్పుడో, ఎక్కడో. ఆఖరు మీటుకి నోరు మూసుకోవాలి. నాలుగు రోజుల్లో ఆమెకి పట్టుబడింది.

క్రిస్మసు నాటికి ఊరు ఆ డిస్కుల మైనపు కాగితాలు చింపింది. తన తల మీదికి వస్తేగాని తెలియదన్నట్టు, ఇప్పుడు ఎవరికి వాళ్ళు శ్రద్ధగా, పెన్సిలు పట్టుకుని మరీ విన్నారు. ఫోన్లు స్టేషనుకి వచ్చేవి.

"నా చావు కబురు కింద నాలుగోది రాసిపెట్టు నెడీన్. దాన్ని మా తోడికోడలికి మాత్రం వెయ్యకు. అడిగితే అయిపోయిందని చెప్పు."

"మా ఆయనకి తొమ్మిదోది. బతికున్నన్నాళ్ళూ ఆదరాబాదరాయే. పోయేటప్పుడైనా నెమ్మదిగా పోనీ."

"ఆ పదకొండోది ఉంది చూడక్కా, కోడిపుంజు పరిగెత్తినట్టుంటుంది. అది మా బావకి. నేను చెప్పానని చెప్పకు."

శ్మశానపు పనులన్నీ చూసే ఎల్బర్ట్ ఫ్యూగేట్ తన బండికోసం, హాలుకోసం, అడిగేవాళ్ళకి ఇవ్వడంకోసం ఒకేసారి రెండు డజన్లు కొన్నాడు. పక్క ఊళ్ళవాళ్ళకీ పాకింది. దేశమంతటా కొట్లలో ఆ ఆల్బం దుమ్ము పట్టి కూర్చుంటే, బ్రష్ ఫోర్క్‌లో క్లోవిస్ మేకులకన్నా దాన్నే ఎక్కువ అమ్మాడు. ఫిబ్రవరిలో ప్రెస్టన్ ఫోను చేశాడు.

"అమ్మా, మాకు అర్థం కావట్లేదు. ఇంకెక్కడా కదలని డిస్కు మీ దగ్గర ఇలా పోతోంది. అసలు ఏం చేస్తున్నారు మీరు?"

"చచ్చిపోతున్నాం బాబూ" అంది నెడీన్.

ప్రెస్టన్ దాన్ని పైవాళ్ళకి 'శ్రోతలతో లోతైన అనుబంధం' అని రాసి పంపించాడు. అది కార్ట్ దాకా వెళ్ళింది. తన వాళ్ళకే తన సంగీతం అర్థమైందని కార్ట్ మురిసిపోయి, నాలుగు పత్రికలకి చెప్పి, ఏప్రిల్లో సొంతూరు వచ్చి వాయిస్తానన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం. హైస్కూలు ఆటల హాలు కిటకిటలాడింది. కార్ట్ టోపీ పెట్టుకుని, ఎత్తైన స్టూలు మీద ఒక్కడే గిటారుతో కూర్చున్నాడు. మొదటి రెండింటికి జనం మర్యాదగా చప్పట్లు కొట్టారు. మూడోది మొదలుపెట్టే ముందు అతను నవ్వుతూ మైకులోకి వంగాడు.

"మా నాన్న శనివారం శనివారం నన్ను వాగు దగ్గరికి చేపలకి తీసుకెళ్ళేవాడు. ఆ సంబరం తల్చుకుని చేశానిది. చప్పట్లు కొట్టండి, కాళ్ళతో తాళం వెయ్యండి, సిగ్గుపడకండి!"

డిస్కులోని ఆరో నంబరు మొదలైంది. నాలుగు మీట్లు పడ్డాయో లేదో హాలంతా లేచి నిలబడింది. మగవాళ్ళు టోపీలు తీసి గుండెలకి ఆనించుకున్నారు. తలలు వంగాయి. ఎల్జా కోంబ్స్ పెళ్ళాం జేబురుమాలు తీసింది, ఆమె వెనక వరసలో ఇంకో ఆరుగురు తీశారు. గోడవారగా నిలబడ్డ ఎల్బర్ట్ ఫ్యూగేట్, కాళ్ళకి అలవాటైన దారి కనక, తలుపు దగ్గరికి నడిచి రెండు రెక్కలూ బార్లా తెరిచి, శవపెట్టె రావడానికి దారిచ్చి పక్కకి నిలుచున్నాడు. ఆగుదలలు మూడింటిలోనూ జనం నెడీన్ వైపు చూశారు. ఆమె తన చెప్పులకేసి చూసుకుంది.

బాణీ ముగిసింది. ఒక్క చప్పటా లేదు. వెనకనుంచి ఎవరో బొంగురుగా "ఆమెన్" అన్నారు.

కార్ట్ కళ్ళు చెమర్చాయి. "ఇన్నేళ్ళలో ఇంత గౌరవం నాకెక్కడా దొరకలేదు" అన్నాడు మైకులో. పట్నం విలేకరి గబగబా రాసుకున్నాడు.

కచేరీ అయ్యాక వెనకనున్న వ్యాయామం మాస్టారి గదిలో, చెమట వాసనల మధ్య, అందరూ కార్ట్ చుట్టూ మూగారు. "అద్భుతం" అన్నాడు క్లోవిస్. "దివ్యం" అన్నాడు పాస్టరు. అసలు సంగతి చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. వాళ్ళంతా వెళ్ళాక ఓలీటా కర్రతో నేల మీద కొట్టింది.

"నెడీన్, నువ్వే చెప్పు. చావు కబురు చెప్పడం నీకే చేతనవును."

నెడీన్ చెప్పేసింది. "నాయనా, నీ ఆరో నంబరు మీద నవంబరు నుంచి నేను నలభై ఒక్క మందిని సాగనంపాను."

కార్ట్ గిటారు పక్కన పెట్టాడు. "చేపల వేట మీదా?"

"అవును."

"పేరు చూళ్ళేదా మీరు?"

"చూశాను. ఎల్జాకి చేపలంటే ఇష్టమేలే అనుకున్నాను."

కార్ట్ టోపీ తీసి బంతుల బుట్టలోకి విసిరాడు. "రెండేళ్ళు చేశానక్కా అది! ఆ ఎండ, ఆ నీళ్ళు, ఆ నవ్వులు... న్యూయార్కులో వేసవి వెలుగు అని రాశారు దాన్ని!"

"వాళ్ళెవరూ ఇంకా పోలేదు కదా నాయనా."

"అంటే నేను శవాల వెనక వాయించేవాణ్ణా?"

"ఒరేయ్" అంది ఓలీటా, "నీ పాటలొస్తే ఈ ఊళ్ళో ఆడవాళ్ళు గిన్నెలు తోముతూ వింటారు. ఇది వస్తే చేతిలో గిన్నె కింద పెడుతున్నారు. నీకింకేం కావాలిరా?"

అప్పటిదాకా గుమ్మంలో నిలబడ్డ హర్షెల్ లోపలికి వచ్చి, గిటారుకేసి చూస్తూ అడిగాడు. "ఆ మూడోచోట ఎందుకాగావు?"

కార్ట్ తలెత్తాడు. పత్రికలవాళ్ళు నూరు ప్రశ్నలు వేసినా ఇది ఎవరూ అడగలేదు.

"అక్కడ... గాలం నుంచి చేప జారిపోతుంది. నాన్న ఏమీ అనేవాడు కాదు. నీళ్ళకేసి చూసేవాడు, అంతే."

హర్షెల్ తల ఊపాడు. "మంచిచోటే ఆగావు. నెడీన్ అక్కడే ఖననం వేళ చెబుతుంది" అని బయటికి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్న ఏడున్నరకి టోపీ లేకుండా గిటారు పెట్టె మోసుకుంటూ ఒక మనిషి కొట్లోకి వచ్చాడు. క్లోవిస్ తలెత్తకుండానే "ఏం కావాలి, మేకులా?" అన్నాడు. కార్ట్ మేడమెట్లు చూపించి ఎక్కేశాడు. నెడీన్ ఏమీ అడగలేదు. కుర్చీ ఒకటి మైకు దగ్గరికి లాగి, కాగితం అతని కళ్ళకి కనబడేలా పెట్టింది. ఆవేళ రెండు పేర్లున్నాయి.

అతను వాయించాడు, ఆమె చదివింది. వేలమంది ముందు వాయించినవాడు కూడా రెండోపేరు దగ్గర తొందరపడ్డాడు. ఆమె మనవల పేర్లు ఒక్కొక్కటే సాగదీసి, అతన్ని మెల్లగా వెనక్కి లాక్కొచ్చి, ఆఖరు మీటుకి నోరు మూసుకుంది. ఎర్రదీపం ఆరగానే ఫోను మోగింది. అవతల గొంతు గది అంతా వినిపించింది.

"ఏంటే నెడీన్, ఎవర్నో కొత్తవాణ్ణి పట్టుకొచ్చావు? ఆ పరుగేంటి, రైలు తప్పిపోతుందా? డిస్కులోవాడే నయం!"

"చెబుతాను పిన్నీ" అని ఫోను పెట్టేసింది.

కార్ట్ గిటారుని పెట్టెలో పెట్టి మూత వేశాడు. తర్వాత, "మళ్ళీ రానా?" అని అడిగాడు.

"రా. ఎవరైనా పోతే" అంది నెడీన్.

ఆ ఏడాదే కార్ట్ తర్వాతి ఆల్బం వచ్చింది. పద్నాలుగు పాటలు, పద్నాలుగింటిలోనూ గొంతు. దేశం ఎగబడి కొంది. బ్రష్ ఫోర్క్ కూడా కొంది, గిన్నెలు తోముకుంటూ వింది. అతను ఊరికి ఇంకో రెండుసార్లు వచ్చాడు. మొదటిసారి ఎవరూ పోలేదు. నెడీన్ కుక్కలూ ట్రాక్టర్లూ చదవడం పూర్తిచేసేదాకా గిటారు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, కాఫీ తాగి వెళ్ళిపోయాడు. రెండోసారి ఒకే ఒక్క పేరుంది. వర్డీ స్లోన్, ముప్పై నాలుగేళ్ళు బడి బస్సు నడిపిన ఆవిడ. కొండవాగు దగ్గర బస్సు ఆపి, ఆలస్యంగా పరిగెత్తుకొచ్చే కార్ట్‌కోసం రోజూ హారను కొట్టిన మనిషి. అతను ఆరోది ఆసాంతం, ఎక్కడి ఆగుదల అక్కడ ఇచ్చి వాయించాడు. అయిపోయాక ఇద్దరూ ఫోనుకేసి చూస్తూ కూర్చున్నారు. వంక పెట్టడానికి కూడా అది మోగలేదు. ఇంకో నిమిషం చూసి నెడీన్ ట్రాక్టర్ల కాగితం అందుకుంది.